అరకు, పాడేరు, లంబసింగి: మన్యం కొండల్లో మూడు రాత్రుల ప్రయాణం ఎలా ప్లాన్ చేసుకోవాలి

అరకు ఒక్కరోజులో చూసి రావచ్చా? పాడేరు పక్కన మేఘాలు చూసే వంజంగి కొండ, లంబసింగి ఒకే పొద్దున కుదురుతాయా? ఈ రెండు ప్రశ్నలూ ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. రెండింటికీ నా జవాబు ఒకటే: వద్దు. ఈ కొండల్లో చూడాల్సిందంతా తెల్లవారుజామునే ఉంటుంది. ఆ వేళకి మీరు ఘాట్ రోడ్డు మీద కాదు, కొండ పక్కనే ఉండాలి. అందుకే రోజుకో ఊళ్లో నిద్ర చేసేలా ఈ ప్లాన్ రాస్తున్నాను.

ఇది అల్లూరి సీతారామరాజు జిల్లాలో అనంతగిరి నుంచి చింతపల్లి వరకు ఉన్న భాగానికి. మారేడుమిల్లి వైపు దారి వేరు, దాన్ని దీంతో కలపకండి.

1. ముందు నెల తేల్చుకోండి

ఎప్పుడు వెళ్తే ఏం కనిపిస్తుందో తెలిస్తే సగం నిరాశ తప్పుతుంది.

- జులై నుంచి సెప్టెంబరు: జలపాతాలు నిండుగా ఉంటాయి, కొండలన్నీ పచ్చగా ఉంటాయి. కానీ కొండచరియలు విరిగిపడే కాలం, దోమల కాలం కూడా ఇదే. భారీ వర్షం హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయండి.
- అక్టోబరు, నవంబరు: నా ఓటు దీనికే. గెడ్డల్లో (కొండవాగుల్లో) నీళ్లుంటాయి, చలి ఓర్చుకునేలా ఉంటుంది. వలిసె పూలు పొలాలన్నీ పసుపు చేసేదీ ఈ రోజుల్లోనే. రోడ్డు పక్కన సీతాఫలాలు బుట్టలతో పెట్టి అమ్ముతారు.
- డిసెంబరు, జనవరి: చలి కోసం, మేఘాల కోసం వెళ్లేవారికి. లంబసింగిలో ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోవడం ఈ నెలల్లో మామూలే. జనం కూడా విపరీతం.
- మార్చి, ఏప్రిల్: వాన జల్లు పడితే కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. జలపాతాలు మాత్రం సన్నబడిపోతాయి.

నెల కుదిరాక వారం చూసుకోండి. డిసెంబరులో శనివారం రాత్రి లంబసింగి వద్దు. తెల్లారకముందే కార్లు బారులు తీరి, మంచు కన్నా పొగ ఎక్కువ కనిపిస్తుంది. ఆదివారం పొద్దున బయల్దేరితే మీరు ఎక్కుతుంటే జనం దిగిపోతుంటారు. ఆదివారం అరకు, సోమవారం పాడేరు, మంగళవారం లంబసింగి. ఒకరోజు అదనంగా సెలవు పెట్టినా నష్టం లేదు.

2. దూరాన్ని గంటల్లో లెక్కేసుకోండి

మ్యాప్‌లో 45 కిలోమీటర్లు అని చూసి ముప్పావుగంట అనుకుంటేనే ప్లాన్ అంతా తారుమారవుతుంది. మలుపులు, పశువులు, పొగమంచు, రోడ్డు పనులు కలిపి సుమారుగా ఇలా వేసుకోండి:

- విశాఖ నుంచి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు: దాదాపు 115 కి.మీ., ఆగకుండా వెళ్లినా మూడున్నర నుంచి నాలుగు గంటలు
- అరకు నుంచి పాడేరు: దాదాపు 45 కి.మీ., గంటన్నర
- పాడేరు నుంచి చింతపల్లి వైపుగా లంబసింగి: రెండు గంటల పైనే
- లంబసింగి నుంచి నర్సీపట్నం: గంట
- నర్సీపట్నం నుంచి విశాఖ: రెండు నుంచి రెండున్నర గంటలు

అరకు, పాడేరు, చింతపల్లిని కలిపేది 516ఇ జాతీయ రహదారి. దీని విస్తరణ పనులు భాగాలు భాగాలుగా సాగుతూ వచ్చాయి. బయల్దేరే ముందురోజు మీరు దిగబోయే లాడ్జికి ఫోన్ చేసి "రోడ్డు ఎలా ఉందండీ?" అని అడగండి. మ్యాప్ చెప్పనిది వాళ్లు చెప్తారు.

హైదరాబాద్ నుంచి వచ్చేవారు తిరిగి విశాఖ వెళ్లక్కర్లేదు. లంబసింగి దిగాక నర్సీపట్నం నుంచి తుని గానీ, నర్సీపట్నం రోడ్ స్టేషన్ గానీ చేరుకుని రైలెక్కండి. అందుకే ఈ వరుసలో లంబసింగిని చివర పెట్టాను.

3. బుకింగ్‌లు: రైలు, గది, బండి

కిరండూల్ ప్యాసింజర్ విశాఖలో పొద్దున ఏడు లోపే బయల్దేరి, పది ప్రాంతంలో బొర్రా గుహలు స్టేషన్‌కి, పదకొండు ప్రాంతంలో అరకుకి చేరుతుంది. దారిలో 50కి పైగా సొరంగాలు. అద్దాల విస్టాడోమ్ బోగీ కావాలంటే రిజర్వేషన్ తెరవగానే చూడండి, సీజన్‌లో చివరి వారానికి మిగలదు. వేళలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొన్నప్పుడు ఒకసారి, ముందురోజు ఇంకోసారి సరిచూసుకోండి.

అదే రోజు అదే రైల్లో తిరిగి రావాలనుకోకండి. అరకులో మీకు మిగిలేది భోజనం టైమే.

కుదిరిన పద్ధతి ఇది: వెళ్లేటప్పుడు కుటుంబం రైల్లో, మాట్లాడుకున్న కారు రోడ్డు మీద. కారు బొర్రా స్టేషన్ దగ్గరికి వచ్చి ఎక్కించుకుంటుంది. రైలు సరదా తీరుతుంది, తర్వాత మూడు రోజులూ బండి చేతిలో ఉంటుంది.

గదుల విషయానికొస్తే, అరకు, అనంతగిరి, టైడాలో పర్యాటక శాఖ హరిత రిసార్టులున్నాయి. పాడేరులో మామూలు లాడ్జిలు, లంబసింగి చుట్టూ టెంట్లు, చిన్న కాటేజీలు దొరుకుతాయి. టెంట్ తీసుకునే ముందు నాలుగు అడగండి:

- కింద పరుపు ఉందా, చాప మాత్రమేనా?
- మనిషికి ఎన్ని రగ్గులిస్తారు?
- బాత్‌రూమ్ ఎంత దూరం, వేడినీళ్లు ఎప్పుడిస్తారు?
- రాత్రి పాటలు, డీజే ఉంటాయా?

డ్రైవర్‌కి పడుకునే చోటు ఉందో లేదో కూడా అడగండి. రాత్రంతా కారులో వణికిన మనిషి పొద్దున మిమ్మల్ని ఘాట్ దింపాలి.

4. సంచిలో ఏముండాలి

- స్వెట్టర్, మంకీ క్యాప్, సాక్సులు (నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు తప్పనిసరి)
- పట్టు ఉన్న బూట్లు. చెప్పులు గదిలోకి మాత్రమే
- మనిషికో టార్చ్, ఫోన్ లైట్ చాలదు
- రెయిన్‌కోటు, కొండ మీద గాలికి గొడుగు నిలవదు
- దోమల క్రీము, నిండు చేతుల చొక్కాలు
- వాంతుల మాత్రలు, ఓఆర్ఎస్, రోజూ వేసుకునే మందులు రెండు రోజులు అదనంగా
- చిల్లరతో సహా నగదు
- ఆధార్ ఒరిజినల్, బండి కాగితాలు
- చెత్త వెనక్కి తెచ్చుకోవడానికి ఒక సంచి

నగదు ఎందుకంటే, ఊరు దాటితే సిగ్నల్ ఉండదు, సిగ్నల్ లేకపోతే ఫోన్‌లో డబ్బు కదలదు. ఎంట్రీ టికెట్‌కి, పార్కింగ్‌కి, మొక్కజొన్న పొత్తుకి నోట్లే కావాలి. ఆఫ్‌లైన్ మ్యాప్ కూడా విశాఖలోనే దింపుకోండి.

5. ఘాట్ రోడ్డు

ఈ ఒక్క భాగం మాత్రం నిదానంగా చదవండి. 2021 ఫిబ్రవరిలో అరకు ఘాట్‌లో డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి ప్రాణాలు పోయాయి. ఈ రోడ్డు అందంగా ఉంటుంది, కానీ తొందరపాటుని క్షమించదు.

ఎక్కే ముందు: శృంగవరపుకోటలో పెట్రోలు నింపించండి, టైర్లలో గాలి, బ్రేకులు చూపించండి. వాంతులయ్యేవారు ఘాట్ మొదలవడానికి అరగంట ముందే మాత్ర వేసుకోవాలి. కడుపు నిండా పూరీలు వద్దు, రెండిడ్లీ చాలు. పిల్లల్ని ఫోన్ చూడనివ్వకుండా కిటికీలోంచి దూరంగా చూడమనండి.

ఎక్కేటప్పుడు: మలుపుకి ముందే హారన్ కొట్టండి. మీ లేన్ వదలకండి. మలుపులో ఓవర్‌టేక్ అన్న మాటే వద్దు.

దిగేటప్పుడు: ఏ గేర్‌లో ఎక్కారో ఆ గేర్‌లోనే దిగండి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేసి జారవిడవడం ప్రాణాంతకం. బ్రేకు అదేపనిగా తొక్కితే లైనింగ్ వేడెక్కి పట్టు పోతుంది. కాలిన వాసన వచ్చిందా, వెడల్పు చోటు చూసి ఆపి అరగంట చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం పోయకండి. ఇరుకు చోట ఎదురుపడితే పైకి ఎక్కుతున్న బండికే దారి ఇవ్వాలి.

పొగమంచులో: హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడే కనిపిస్తుంది. లోబీమ్, ఫాగ్ లైట్లు వేసుకుని రోడ్డు ఎడమ అంచు గీత పట్టుకుని వెళ్లండి. ఏమీ కనిపించకపోతే రోడ్డు దిగి ఆపాకే నాలుగు ఇండికేటర్లు వేయండి.

చీకటి పడ్డాక ఘాట్ వద్దు. విశాఖలో అర్ధరాత్రి బయల్దేరి వంజంగి సూర్యోదయానికి పరుగెత్తే అలవాటు బాగా పెరిగింది. డ్రైవర్ కన్ను మూతపడేది సరిగ్గా ఘాట్ ఎక్కే వేళకే.

ఇంకొకటి. గంజాయి రవాణా వల్ల ఈ దారుల్లో పోలీసు తనిఖీలు ఎక్కువ. డిక్కీ తీయమంటే విసుక్కోకుండా తీయండి. తెలియనివాళ్లు ఇచ్చే సంచీ గానీ పార్శిల్ గానీ "కింద ఫలానా చోట ఇచ్చేయండి" అంటే ఒప్పుకోకండి, ఎంత బతిమాలినా సరే.

6. మొదటి రోజు: బొర్రా, అనంతగిరి, అరకు

బొర్రా గుహలు పొద్దున పదికి తెరుస్తారు. రైలు దిగి నేరుగా అక్కడికే వెళ్లండి, మధ్యాహ్నానికి టూర్ బస్సులు దిగుతాయి. లోపల మెట్లు చాలా ఉంటాయి, పైనుంచి నీటి చుక్కలు పడి తడిగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని మొదటి విశాలమైన భాగం వరకు తీసుకెళ్లి కూర్చోబెట్టండి, అక్కడికే గుహ సొంపు తెలుస్తుంది. సున్నపురాతి వేలాడే రూపాలని చేత్తో తాకకండి, చేతి జిడ్డు అంటితే ఆ చోట పెరుగుదల ఆగిపోతుంది. బయట కోతులుంటాయి. తినేవి సంచిలో పెట్టి జిప్ వేశాకే కారు దిగండి.

దగ్గర్లో కటికి జలపాతం ఉంది. దారి రాళ్లతో ఎగుడుదిగుడు, సొంత కారు తీసుకెళ్లకండి. జీపులు దొరుకుతాయి, రేటు మనిషికా బండికా, అక్కడ ఎంతసేపు ఆగుతారో ఎక్కకముందే మాట్లాడుకోండి. చివర్లో కొంత నడక ఉంటుంది. నడవలేనివారు దీన్ని వదిలేసి గాలికొండ వ్యూపాయింట్, కాఫీ తోటలతో సరిపెట్టుకోవచ్చు.

కాఫీ తోటలో చూడాల్సింది నీడ. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. నవంబరు నుంచి ఎర్రటి పళ్లు కనిపిస్తాయి. కోయకండి, అవి ఒక కుటుంబం ఏడాది సంపాదన.

అరకు చేరేసరికి సాయంత్రమవుతుంది. గిరిజన మ్యూజియంకి ఒక గంట ఇవ్వండి. పద్మాపురం గార్డెన్స్ పిల్లలుంటేనే.

7. రెండో రోజు: చాపరాయి మీదుగా పాడేరు

తెల్లవారుజామున ఓపికుంటే మాడగడ వ్యూపాయింట్ ఎక్కండి. లేదంటే టిఫిన్ చేసి డుంబ్రిగూడ వైపు చాపరాయికి. విశాలమైన బండ మీద నీళ్లు జారుతుంటాయి, చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది. నాచు పట్టిన చోట మాత్రం కాలు నిలవదు, బండ అంచున లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. స్థానికులు ఎక్కడ దిగుతున్నారో అక్కడే దిగండి.

ఈ దారిలోనే వలిసె చేలు కనిపిస్తాయి. ఫొటో కోసం చేను మధ్యలోకి నడిచారంటే కాడలు విరిగిపోతాయి. వలిసె నూనెగింజ పంట, అలంకారానికి వేసింది కాదు. గట్టు మీదే నిలబడండి. రైతు పది, ఇరవై అడిగితే బేరం చేయకుండా ఇవ్వండి.

సాయంత్రం నాలుగైదు గంటలకల్లా పాడేరులో ఉండాలి. గది తీసుకుని ముందు చేయాల్సింది, మర్నాటి వంజంగి బండి మాట్లాడుకోవడం. తొమ్మిదికల్లా నిద్రపోండి.

8. మూడో రోజు: వంజంగి, తర్వాత లంబసింగి

వంజంగి పాడేరుకి దగ్గరే. నాలుగింటికి గది వదిలితే పార్కింగ్, టికెట్, నడక అన్నీ కలుపుకుని సూర్యోదయానికి పైన ఉంటారు. దారి నిటారుగా ఉంటుంది, చీకట్లో రాళ్లు తగులుతాయి. టార్చ్ ఎదుటివారి మొహం మీద కాకుండా కాళ్ల దగ్గర వేసుకోండి. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవారు పైదాకా ఎక్కకండి.

మేఘాలు రోజూ ఉండవు. ముందురోజు వాన పడి, రాత్రి ఆకాశం తేటపడి, గాలి లేకపోతే అవకాశం ఎక్కువ. రాత్రి నేల చల్లబడి, చల్లటి బరువైన గాలి లోయలోకి దిగి, అందులోని తేమ మంచుగా కడుతుంది. మనం దానికి పైన ఉంటే అది పాలసముద్రంలా కనిపిస్తుంది. మనమే మంచు లోపల ఉంటే ఏమీ కనిపించదు. అలాంటప్పుడు ఆరున్నరకే దిగిపోకండి. ఎండ తగిలి మంచు కదలడం మొదలయ్యేది ఏడున్నర, ఎనిమిదికే. జనమంతా దిగాక వచ్చే దృశ్యమే ఒక్కోసారి గొప్పగా ఉంటుంది.

అంచున నిలబడి సెల్ఫీలు వద్దు, గడ్డి మంచుకి తడిసి జారుతుంది.

గదికొచ్చి స్నానం, టిఫిన్, ఒక గంట కునుకు. పదకొండుకి చింతపల్లి వైపు బయల్దేరండి. దారిలో జి.మాడుగుల మండలంలో కొత్తపల్లి జలపాతం, తర్వాత తాజంగి రిజర్వాయర్. చీకటిపడేలోగా లంబసింగి.

నాలుగో పొద్దున చెరువులవేనం వ్యూపాయింట్ చూసి, స్ట్రాబెర్రీ తోటల దగ్గర ఆగి, ఎండెక్కాక నర్సీపట్నం ఘాట్ దిగండి. వంజంగిలో మేఘాలు దొరకనివారికి చెరువులవేనం రెండో అవకాశం.

9. జలపాతాల దగ్గర

- నీరు ఒక్కసారిగా బురదరంగుకి మారినా, ఆకులు కొమ్మలు కొట్టుకొచ్చినా వెంటనే బయటికి వచ్చేయండి. పైన ఎక్కడో వాన పడిందన్నమాట.
- రోడ్డు మీదుగా గెడ్డ పొంగుతుంటే కారు దింపకండి, ఆగండి. చాలాసార్లు గంట రెండు గంటల్లో తగ్గుతుంది.
- మందు తాగి నీళ్లలోకి వద్దు.
- "ఇక్కడ దిగరాదు" అని బోర్డు ఉన్న చోట ఎవరో ఒకరు పోయి ఉంటారు. దాన్ని నమ్మండి.

10. ఊళ్లలో, సంతల్లో, తిండి దగ్గర

ఊరికో రోజు సంత ఉంటుంది. మీ మూడు రోజుల్లో ఎక్కడ పడుతుందో లాడ్జిలో కనుక్కుని, కుదిరితే పొద్దున పదిలోపు వెళ్లండి. పసుపు, రాజ్‌మా, మిరియాలు, అనాస బాగుంటాయి. తేనె, కాఫీ పొడి అయితే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొంటే కల్తీ టెన్షన్ ఉండదు.

ఆడవాళ్లని, పిల్లల్ని అడక్కుండా ఫొటో తీయకండి. "అమ్మా, ఒక ఫొటో తీసుకోనా?" అంటే ఒప్పుకుంటారో లేదో వాళ్లే చెప్తారు. పిల్లలకి కారులోంచి చాక్లెట్లు విసరడం, నోట్లు పంచడం మంచి పని కాదు. ఇవ్వాలనుంటే వాళ్లమ్మ దగ్గర ఒక బుట్ట సీతాఫలాలు కొనండి.

వెదురు బొంగులో కూరి కాల్చే బొంగు చికెన్ అందరూ తింటారు, మంచిది దొరికేది కొందరికే. ఇలా చూసుకోండి: బొంగు పచ్చిగా ఉండాలి. ఎండిపోయి లోపల నల్లబడిందంటే ఇంతకుముందు వాడింది. మాంసం కూరాక మూతికి ఆకు దోపి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చాలి. మూతి దగ్గర రసం బుడగలు రావాలి. ఆర్డర్ ఇచ్చిన పది నిమిషాలకే తెచ్చారంటే ముందే ఉడికించింది. దించాక కాలి ముక్క విరిచి ఎముక దగ్గర చూడండి, గులాబీరంగు ఉంటే మళ్లీ నిప్పుల మీద పెట్టమనండి. ధర కిలోకా బొంగుకా అన్నది ముందే తేల్చుకోండి.

11. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

రైలు టికెట్ దొరకలేదు: ప్రయాణం మానక్కర్లేదు. విశాఖ ద్వారకా బస్ స్టేషన్ నుంచి అరకుకి ఆర్టీసీ బస్సులున్నాయి. ఘాట్ అందమంతా రోడ్డు మీదా కనిపిస్తుంది.

రెండు రోజులే సెలవు దొరికింది: అరకు పక్కన పెట్టి చోడవరం, మాడుగుల మీదుగా నేరుగా పాడేరు వెళ్లండి. ఒక రాత్రి అక్కడ, వంజంగి చూసి తిరిగి రండి. మూడు ఊళ్లూ తొక్కి రావడం కన్నా ఇదే నయం.

పెద్దవాళ్లతో వచ్చాం: అరకులోనే రెండు రాత్రులు. వంజంగి ఎక్కాలనుకునే కుర్రాళ్లు ఒక రాత్రి పాడేరులో ఉండి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి కలుస్తారు.

ఒంట్లో బాగోలేదు, దెబ్బ తగిలింది: పాడేరులో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి, అరకులో ఏరియా ఆసుపత్రి ఉన్నాయి. 108కి ఫోన్ కలవకపోతే సిగ్నల్ కోసం వెతుకుతూ కూర్చోకుండా దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎక్కడో ఊరివాళ్లని అడిగి బండిలోనే తీసుకెళ్లండి.

12. ఇంటికొచ్చాక

మన్యంలో మలేరియా ఉంది, వానాకాలంలో మరీ ఎక్కువ. దోమ కుట్టిన వారం, పది రోజులకి గానీ జ్వరం రాదు, ఒక్కోసారి ఇంకా ఆలస్యమవుతుంది. అప్పటికి ప్రయాణం సంగతే మర్చిపోయి, వైరల్ అనుకుని పారాసెటమాల్‌తో సరిపెట్టేస్తారు. తిరిగొచ్చాక నెలరోజుల్లోపు చలితో జ్వరం వస్తే అదేరోజు రక్తపరీక్ష చేయించండి. "ఏజెన్సీకి వెళ్లొచ్చాం, ఫలానా తేదీల్లో అక్కడున్నాం" అని డాక్టర్‌కి మీరే చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగకండి.